కాలువలో ఎర్రదారం కాయలు

మూడు బడుల పిల్లలు కలిసి ఒక పని చెయ్యాలంటే ముందు మూడు బడుల పెద్దలు ఒక గదిలో కూర్చోవాలి. నా ఓపికలో సగం ఆ గదిలోనే ఖర్చయిపోయింది.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. విజయవాడలో నేను పనిచేసే పత్రిక, జిల్లా అనుబంధంలో వారానికొకసారి విద్యార్థుల పేజీ వేసేది. మిగతా పేజీలు దిద్దగా మిగిలిన వేళల్లో ఆ పేజీ చూసుకోవడం నా పని. పర్యావరణం అనే మాట అప్పుడప్పుడే బళ్ళలోకి వస్తోంది. వచ్చీ రాగానే వ్యాసరచన పోటీ అయిపోయింది, వక్తృత్వ పోటీ అయిపోయింది. మిగిలింది మొక్కలు నాటడం. ఒక బళ్ళో ప్రతి ఏడూ అదే గోతిలో మొక్క నాటేవారు. పోయినేడు నాటింది చచ్చిపోయి ఉండేది కాబట్టి గొయ్యి తవ్వే శ్రమ ఉండేది కాదు. గోతి చుట్టూ చేతులు చాపి నిలబడ్డ పెద్దమనుషుల ఫొటో మేమూ ప్రతి ఏడూ వేసేవాళ్ళం.

ఆ ఫొటోకి వ్యాఖ్య రాసి రాసి విసుగెత్తి, ఒకరోజు మా డెస్క్ ఇన్‌చార్జి దగ్గరికి వెళ్ళాను. వేరువేరు ఊళ్ళ బడిపిల్లలు కలిసి ఏదైనా ఒక్క పని చేస్తే, అది మన పేజీలో వారం వారం రాద్దామన్నాను.

"పత్రికకి ఖర్చేమన్నా ఉందా?" అన్నాడాయన.

"లేదండీ."

"అయితే కానివ్వండి."

అలా మూడు బళ్ళు కుదిరాయి. భవానీపురంలో ఒక ప్రైవేటు బడి, కృష్ణ అవతల మంగళగిరిలో ఒకటి, ఉయ్యూరు దాటాక కాలువ గట్టున ఉన్న ఒక ఊళ్ళో సర్కారు బడి. మొదటి సమావేశం భవానీపురం బళ్ళో పెట్టారు. బ్యానరు మీద ఎవరి బడి పేరు ముందుండాలనే దాని మీద చాలాసేపు నడిచింది. అక్షరక్రమంలో వేద్దామని మంగళగిరి వాళ్ళు, బడి పెట్టిన ఏడాదిని బట్టి వేద్దామని ఉయ్యూరు వైపు హెడ్మాస్టరు, బ్యానరు కుట్టించేది మేము కదా అని భవానీపురం బడి నడిపే కరస్పాండెంటు. మధ్యమధ్యలో ప్లాస్టిక్ గ్లాసుల్లో కూల్‌డ్రింకు వచ్చింది. ప్లాస్టిక్ వాడకం తగ్గించాలన్న తీర్మానం కూడా ఆ గ్లాసులు చేతిలో ఉండగానే చేశారు. పదో తరగతి పిల్లల జోలికి మాత్రం రాకూడదని ఉయ్యూరు హెడ్మాస్టరు చెప్పగానే మిగతా ఇద్దరూ అవునన్నారు. ఆ పూట ఏకగ్రీవంగా తేలింది అదొక్కటే.

కాబట్టి మాకు తొమ్మిదో తరగతి వాళ్ళు దొరికారు. వాళ్ళలోంచి ముగ్గురు ఆడపిల్లలు తేలారు. ఎవరూ ఎంపిక చెయ్యలేదు. ఆ బళ్ళోనే పిల్లలందర్నీ చేర్చిన రోజు మిగతావాళ్ళు టిఫిను అయ్యాక వెళ్ళిపోయారు, వీళ్ళు పోట్లాడుకుంటూ ఉండిపోయారు.

పోట్లాట మొదలెట్టింది ఉయ్యూరు పిల్ల. వాళ్ళ ఊరికి మంచినీళ్ళ చెరువు ఉంది. కాలువ వదిలినప్పుడు ఆ నీటితోనే దాన్ని నింపుకుని ఊరంతా తాగుతారు. ఆమె భవానీపురం పిల్లని చూసి ఏ మొహమాటమూ లేకుండా అంది:

"మీరు ఇక్కడ కాలువలో పారేసినవి మేం అక్కడ తాగుతున్నాం."

"అంత దూరం ఎందుకొస్తాయి? మధ్యలో లాకులున్నాయి, నీళ్ళ మీద తూడు అల్లుకుని ఉంది. ఎక్కడో అడ్డుపడిపోతాయి" అంది భవానీపురం పిల్ల. వాళ్ళ నాన్న వన్‌టౌన్‌లో కొబ్బరికాయల హోల్‌సేల్ వ్యాపారి. ఏ విషయంలోనైనా బేరం ఆడకుండా ఒప్పుకునే ఇంటిపిల్ల కాదు.

"వస్తాయి."

"రావు."

"రోజూ చూస్తున్నదాన్ని నేను."

"చూస్తే? అవి మావే అని రాసుందా వాటి మీద?"

ఆ ప్రశ్న దగ్గరే వాళ్ళ పని మొదలైంది. విజయవాడలో, బస్టాండు పక్క వంతెన మీంచి గుర్తు పెట్టిన వస్తువులు కాలువలో వదలాలి. ఉయ్యూరు పిల్ల వాళ్ళ ఊరి వంతెన దగ్గర కాచుకుని పట్టుకోవాలి. వస్తే వచ్చినట్టు, రాకపోతే రానట్టు. మా పెద్దవాళ్ళందరి బుర్రలూ కలిపినా అంత తిన్ననైన ఆలోచన రాలేదు.

ఏం వదలాలి? ఖాళీ సీసాలన్నాడు ఒక మాస్టారు. అంతవరకూ నోరెత్తని మంగళగిరి పిల్ల, "చెత్త వెయ్యొద్దని చెప్పడానికి మనమే చెత్త వేస్తామాండీ?" అంది. అప్పుడు భవానీపురం పిల్ల వాళ్ళ నాన్న కొట్లో పక్కకి తీసేసే కాయలు ఇప్పిస్తానంది. లోపల నీళ్ళు ఇగిరిపోయి కుళ్ళిన కాయలు అమ్ముడుపోవు, బాగా తేలుతాయి. నీళ్ళలో ఉన్నా పాడుచేసేదేమీ ఉండదు. కానీ కాలువలో మామూలుగానే బోలెడు కొబ్బరికాయలు పోతుంటాయి. ఇవి మనవని తెలిసేదెలా? రంగు పూద్దామంటే, రంగు నీళ్ళలో కలుస్తుందని మళ్ళీ మంగళగిరి పిల్లే అడ్డుపడింది. వాళ్ళది చీరలు నేసే ఇల్లు. మగ్గం మీంచి చీర దించాక మిగిలిన నూలు ముక్కలు ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి.

"మా నాన్న అద్దిన రంగు ఉతికినా పోదు. దారం చుట్టి ముడేసి తెస్తాను" అంది.

వారం తిరక్కుండా తెచ్చింది. అంత ముచ్చటైన పని నేను చూడలేదు. ప్రతి కాయకీ నడుం చుట్టూ ఎర్రటి నూలు బిగించి చుట్టి, దూరానికి ఎరుపు ఒక్కటే ఆనదని దాని మీద అడ్డంగా పసుపు దారం వేసి, పీచు దగ్గర గట్టిగా ముడి వేసింది. బల్ల మీద వరసగా పెడితే ఫొటోగ్రాఫరు మురిసిపోయాడు. ముగ్గురు సైన్సు మాస్టార్లు చూశారు, కరస్పాండెంటు చూశాడు, నేను చూశాను. కొబ్బరికాయకి ఎరుపూ పసుపూ దారాలు చుట్టి కాలువలో వదిలితే అది మన ఊళ్ళలో దేని కిందికి వస్తుందో అంతమందిలో ఒక్కరికీ తట్టలేదు. భవానీపురం పిల్లది ముస్లింల ఇల్లు, అక్కడ ఆ అలవాటు లేదు. మంగళగిరి పిల్లకి దారమంటే దారమే, పొద్దున లేస్తే చుట్టూ ఉండేది. చదువుకున్న మాకు అది ప్రాజెక్టు.

కాయలు వదిలే కార్యక్రమానికి ప్రారంభోత్సవం ఉండాల్సిందేనన్నాడు కరస్పాండెంటు. వంతెన మీద షామియానా వెయ్యడానికి పోలీసులు ఒప్పుకోలేదు గానీ లేకపోతే అదీ వేసేవాడు. ఒక స్థానిక నాయకుడు వచ్చాడు. కాలువలో కొబ్బరికాయలు వదిలే ముందు శుభమా అని వంతెన పిట్టగోడకి ఒక కొబ్బరికాయ కొట్టారు. భూగోళం వేడెక్కుతోందని, వానలు వేళకు రావడం లేదని, కృష్ణమ్మను కాపాడుకోవాలని ఆయన మాట్లాడుతున్నంతసేపూ పిల్లలు కాయలు రెండు చేతుల్లో పట్టుకుని ఎండలో నిలబడ్డారు. భవానీపురం పిల్ల నా పక్కకు జరిగి నెమ్మదిగా అడిగింది:

"సార్, ఈయన మాట్లాడకపోతే నీళ్ళు కదలవా?"

చివరికి కాయలు నీళ్ళలో పడ్డాయి. ఊగుతూ, తిరుగుతూ, ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోయాయి. నాకు ఆ ఒక్క నిమిషమూ బాగుంది.

మర్నాడు ఏ కబురూ లేదు. ఆ మర్నాడు సాయంత్రం ఆఫీసుకి ఫోనొచ్చింది. అవతల ఉయ్యూరు పిల్ల, వాళ్ళ ఊరి ఎస్టీడీ బూత్ నుంచి అరుస్తోంది.

"వచ్చేశాయి సార్! పొద్దున్నించీ వస్తున్నాయి. వెదురుకి వల కట్టి పట్టాం. కొన్ని తప్పించుకుపోయాయనుకోండి. మా గేదెల పాకలో దాచాను. ఆ భవానీపురం అమ్మాయిని ఓడిపోయానని ఒప్పుకోమనండి!"

నేను ఆ సాయంత్రమే కూర్చుని రాశాను. పత్రికలో ఎన్నో రాశాను గానీ ఇష్టంగా రాసినవి తక్కువ. ఇది ఇష్టంగా రాశాను. విజయవాడ వంతెన దగ్గర పడేసింది ఉయ్యూరు అవతలి పల్లె తాగే చెరువు ముంగిట్లోకి వస్తుందని, అది ముగ్గురు పిల్లలు చూపించారని. శుక్రవారం పేజీకి సిద్ధం చేసి పెట్టాను.

గురువారం పొద్దున ఇంట్లో కాఫీ తాగుతూ మా పత్రిక జిల్లా అనుబంధం విప్పాను. మొదటి పేజీలో నల్లగీతల మధ్య పెద్ద అక్షరాలు: "కాలువలో చేతబడి కాయలు! తీరగ్రామాల్లో కలకలం." కింద ఫొటో. మంగళగిరి పిల్ల వేసిన ముడి కూడా స్పష్టంగా కనిపిస్తోంది.

తప్పించుకుపోయిన కాయలు దిగువన బట్టలుతికే రేవుకి చేరాయట. ఆడవాళ్ళు బట్టలు రేవులోనే వదిలేసి పరుగెత్తారట. పెద్ద నగరం నుంచి ఎవరో తమ పీడ తమ ఊళ్ళ మీదికి వదిలారని జనం అంటున్నారట. పైన ఒక ఊళ్ళో ఒక బాలిక ఆ కాయల్ని ఒడ్డుకు చేర్చి ఇంట్లో పెట్టుకున్నట్టు కూడా చెప్పుకుంటున్నారట. 'అట' అన్నది మా విలేకరి ఎక్కడా వాడలేదు, అది నేను కలుపుతున్నాను.

ఆయనకి ఫోన్ చేశాను.

"అవి మన విద్యార్థుల పేజీ పిల్లలు వేసిన కాయలయ్యా!"

"నాకేం తెలుసు సార్? ఆ పేజీ నేను చూడను. మీరు డెస్కులో ఒక మాట చెప్పి ఉంచాల్సింది."

డెస్కులో ఇన్‌చార్జి దగ్గరికి వెళ్ళాను. సవరణ వెయ్యాలన్నాను.

"జనం భయపడ్డారా, లేదా?" అన్నాడాయన.

"భయపడ్డారు."

"మనం రాసింది అదేగా. అందులో సవరించేదేముంది?"

"అవి చేతబడి కాయలు కావు కదండీ."

"అవి చేతబడి కాయలని మనం అన్నామా? కలకలం అన్నాం." శీర్షిక చివర ఉన్న ఆశ్చర్యార్థకం మీద వేలు పెట్టి చూపించాడు, అదేదో రక్షణ పత్రమైనట్టు. "ఇంకోటి. రేపు మీ పేజీలో ఆ కాయల సంగతి వద్దు. ఒకే పత్రికలో ఇవాళ ఒకలా, రేపు ఒకలా వస్తే పాఠకుడు గందరగోళంలో పడతాడు."

పాఠకుడు గందరగోళంలో పడకుండా ఉండటానికి శుక్రవారం ఆ స్థలంలో మొక్క నాటుతున్న ఫొటో వేశాం. ఆ గొయ్యే.

భవానీపురం కరస్పాండెంటు ఫోన్ చేసి, "వార్తలో మా బడి పేరు రాలేదు కదండీ? రాలేదు. అయితే ఫర్వాలేదు" అని తనే ప్రశ్న, తనే జవాబు చెప్పుకుని పెట్టేశాడు. అంత కొట్లాడి కుట్టించిన బ్యానరు ఆ సాయంత్రమే గోడ మీంచి దిగిపోయింది. ఉయ్యూరు హెడ్మాస్టరు, తను మొదట్నించీ అనుమానిస్తూనే ఉన్నానన్నాడు. ఏం అనుమానించారండీ అంటే, మొత్తం మీద అన్నాడు.

శనివారం ఉయ్యూరు పిల్ల నుంచి మళ్ళీ ఫోను. ఈసారి అరవలేదు.

"సార్, మా పాలు ఎవరూ పోయించుకోవట్లేదు."

వాళ్ళమ్మ గేదెల్ని మేపి వీధిలో పాలు పోస్తుంది. ఆ ఇల్లు నడిచేది దాని మీదే. పేపర్లో రాసిన బాలిక ఎవరో ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. కాయలు పాకలో ఉన్నాయి, గేదెలు పాకలో ఉన్నాయి. ఇక ఆ పాలు ఎవరు తాగుతారు? దానికి తోడు పక్కింటి పిల్లాడికి జ్వరం తగిలింది.

"పాలన్నీ తోడేస్తున్నాం సార్. తోడు పెట్టడానికి ఇంట్లో గిన్నెలు కూడా అయిపోయాయి. మా అమ్మ నాతో మాట్లాడట్లేదు. అవి మేమే వేశామని మీ పేపర్లో ఒక్క ముక్క రాయండి."

రాయడానికి కుదరదని, రాస్తే పాఠకుడు గందరగోళంలో పడతాడని ఆ పిల్లకి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. రేపు వస్తున్నామన్నాను.

ఆదివారం బస్టాండులో మంగళగిరి పిల్లను వాళ్ళన్న తెచ్చి మాకు అప్పగించాడు. భవానీపురం పిల్లతో వాళ్ళ నాన్న కూడా వచ్చాడు. కొట్టు మూసుకుని వచ్చిన మనిషి, బస్సులో కిటికీ పక్కన కూర్చుని తనలో తను అనుకుంటున్నట్టు నాతో అన్నాడు:

"ఇన్నేళ్ళుగా గుళ్ళకీ, పెళ్ళిళ్ళకీ కాయలిస్తున్నాను సార్. కుళ్ళిందని తిట్టారు, చిన్నదని తిట్టారు. దెయ్యం పట్టిందని ఇదే మొదలు."

కూతురు నవ్వలేదు. ఆమె ఒళ్ళో ఒక చార్టు చుట్ట ఉంది. కాలువ, లాకులు, వంతెనలు, మంచినీళ్ళ చెరువు, నీలం రంగు బాణాలు. ఊరివాళ్ళకి వివరిస్తే అర్థం చేసుకుంటారని ఆమె నమ్మకం. తొమ్మిదో తరగతిలో అది ఉండాల్సిందే.

మేం వెళ్ళేసరికి వీధి వీధంతా అరుగుల మీద ఉంది. ఉయ్యూరు పిల్ల వాళ్ళమ్మ మాకు మాట్లాడకుండా కుర్చీలు వేసింది, మాట్లాడకుండా పాలు కాచి గ్లాసుల్లో పోసి ఇచ్చింది. కొబ్బరికాయల వ్యాపారి గ్లాసు తీసుకుని వీధిలోకొచ్చి అందరికీ కనిపించేలా నిలబడి తాగాడు. "చిక్కగా ఉన్నాయమ్మా" అన్నాడు గట్టిగా. అరుగుల మీదివాళ్ళు ఆయన మొహంలో ఏమన్నా మార్పు వస్తుందేమోనని చూస్తూ కూర్చున్నారు.

భవానీపురం పిల్ల చార్టు విప్పింది. బాగా చెప్పింది. ఎవరూ అడ్డు రాలేదు, అందరూ తల ఊపుతూ విన్నారు. అయిపోయాక ఎదురింటి మామ్మగారు, ఆ వీధికి ఆవిడ మాటే మాట, కళ్ళజోడు సవరించుకుని అడిగింది.

"బాగా చెప్పావమ్మా. మరి దారం ఎందుకు కట్టారు?"

"గుర్తు కోసమండీ."

"గుర్తుకి ఎర్రదారమే కట్టాలా? పైన పసుపు కూడానా?"

"మా ఇంట్లో అదే మిగిలిందండీ" అంది మంగళగిరి పిల్ల.

"మీ ఇంట్లో ఎర్రదారం ఎందుకుంటుంది?"

"మేం నేతవాళ్ళమండీ. చీర అంచులకి వాడాక మిగిలింది."

"ఎవరి చీరమ్మా?"

మంగళగిరి పిల్ల బిక్కమొహం వేసింది. ఎవరి చీరో ఆమెకేం తెలుసు? వ్యాపారి కలగజేసుకున్నాడు.

"అమ్మా, ఈ చుట్టుపక్కల గుళ్ళలో కొట్టే కాయల్లో సగం నా కొట్టు నుంచి వచ్చేవే. నా కాయలో దోషం ఉండదు."

"దోషం లేని కాయైతే కాలువలో ఎందుకేశారు బాబూ?"

"అవి కుళ్ళిన కాయలమ్మా, అందుకని..."

"కుళ్ళిన కాయలా!" వీధి మొత్తం ఒక్కసారి ఉలిక్కిపడింది. గుళ్ళో కొట్టిన కాయ కుళ్ళిందైతేనే వారం రోజులు మనసు బాగుండని మనుషులు వాళ్ళు. ఇప్పుడు ఏరి మరీ కుళ్ళినవి పంపారన్నమాట. మా పరిస్థితి మేం వచ్చినప్పటికన్నా హీనమైంది.

పక్కింటావిడ గుమ్మంలోంచి అంది: "మా వాడికి జ్వరం తగ్గట్లేదు. దానికేమంటారు?"

"అది నీళ్ళ వల్ల అయ్యుండొచ్చు ఆంటీ!" భవానీపురం పిల్ల చార్టు మీద చెరువు చూపించింది. "అదే కదా మేం చెప్పేది!"

"ఆ నీళ్ళు మేం పుట్టినప్పట్నించీ తాగుతున్నవే. కాయలే కొత్తగా వచ్చాయి."

ముందు డాక్టరుకి చూపించమని మాత్రం చెప్పాను. చూపించామండీ, మందులు వాడుతున్నాం, అది వేరు ఇది వేరు అందావిడ.

మామ్మగారు లేచి చీర దులుపుకుంది.

"ఇంత గొడవెందుకు? ఎవరు వదిలారో వాళ్ళే వచ్చి, వాళ్ళ చేతుల్తో తీసుకుపోతే దాని దారిన అది పోతుంది. వచ్చారుగా. తీసుకుపోండి. ఇంక ఈ ఇంటికి ఏమీ ఉండదు."

వీధిలో అందరికీ అది నచ్చింది. నాకూ నచ్చింది, నిజం చెప్పొద్దూ. బస్సు వేళవుతోంది. నచ్చనిది ఒక్కరికే.

"నేను తీసుకోను" అంది భవానీపురం పిల్ల. "తీసుకుంటే అవి చేతబడి కాయలని మనమే ఒప్పుకున్నట్టు."

ఉయ్యూరు పిల్ల ఆమె చెయ్యి పట్టుకుని పాకలోకి లాక్కెళ్ళింది. వెనకే మంగళగిరి పిల్ల. తడిక అవతల నేను నిలబడ్డాను. గేదెలు నెమరేస్తున్నాయి.

"నువ్వు గెలవడానికొచ్చావా, నా కోసం వచ్చావా?" అంది ఉయ్యూరు పిల్ల.

"గెలవడమేంటే, నేను ఎప్పుడో ఓడిపోయానుగా! కాయలు వచ్చాయిగా!"

"అయితే తీసుకుపో."

"పోనీ దారాలు విప్పేస్తాను. అప్పుడు వట్టి కాయలే కదా" అంది మంగళగిరి పిల్ల.

"విప్పితే విప్పిన దారం ఎక్కడ పారేశారని అడుగుతారు. మా వీధి సంగతి నీకు తెలీదు."

"మరి మనం ఇన్నాళ్ళూ చేసిందంతా ఏమైనట్టు?" అంది భవానీపురం పిల్ల. "మీ హెడ్మాస్టరూ అంతే, మా కరస్పాండెంటూ అంతే, పేపరూ అంతే. మనం కూడా అంతేనా?"

ఉయ్యూరు పిల్ల మెల్లగా అంది: "నువ్వు సాయంత్రం బస్సెక్కి వెళ్ళిపోతావు. పొద్దున్నే పాల క్యాను పట్టుకుని ఈ గుమ్మాలన్నీ తిరగాల్సింది నేను. ఒక్కళ్ళు కూడా గిన్నె తేవట్లేదు. మా అమ్మ తిట్టినా బాగుండేది."

తడిక అవతల కాయలు గోనెసంచిలో పడుతున్న చప్పుడు, ఒకటొకటిగా. వ్యాపారి సంచి అందుకోబోతే కూతురు ఇవ్వలేదు. తనే భుజాన వేసుకుని వీధి మధ్యలోంచి నడిచింది. మంగళగిరి పిల్ల ఒక కొస పట్టుకుంది. అరుగుల మీదివాళ్ళు కాళ్ళు వెనక్కి ముడుచుకున్నారు.

"వెనక్కి తిరిగి చూడకండమ్మా" అంది మామ్మగారు.

భవానీపురం పిల్ల వెంటనే వెనక్కి తిరిగింది. వాళ్ళ నాన్న "బేటీ" అన్నాడు. మళ్ళీ ముందుకు తిరిగింది.

బస్సు ఆగేది కాలువ గట్టు మీదే. మేం అక్కడ నిలబడ్డాం. సంచి మూతిలోంచి ఎర్రదారం కనిపిస్తోంది. నగరం పారేసింది నగరం వాళ్ళదేనని కదా ఉయ్యూరు పిల్ల మొదట పోట్లాడింది. ఇప్పుడు నగరం వాళ్ళే దాన్ని మోసుకుపోతున్నారు, కానీ ఈ ముక్క ఏ సైన్సు ప్రదర్శనలో పెట్టాలో, ఏ పేజీలో రాయాలో నాకు తోచలేదు. మాస్టార్లకి చెప్తే తల గోక్కుంటారు. మా ఇన్‌చార్జికి చెప్తే కలకలం ఎక్కడుందని అడుగుతాడు.

ఉయ్యూరు పిల్ల సాయంత్రం పాలు పితికిన క్యాను, కొలత గ్లాసు పట్టుకుని మా వెనకాలే వచ్చింది. మమ్మల్ని సాగనంపడానికి వచ్చానంది గానీ కళ్ళు వీధి వైపే ఉన్నాయి. వీధిలోంచి చాలాసేపు ఎవరూ రాలేదు. తర్వాత మామ్మగారు నెమ్మదిగా గట్టెక్కి వచ్చింది. ఒక చేతిలో స్టీలు గిన్నె. రెండో చేతిలో, మూతి ముడేసిన పాలిథిన్ కవరు, నిండా వాడిపోయిన పూజ పూలు.

మా ముందు నుంచే వెళ్ళి, గట్టు అంచున నిలబడి కళ్ళు మూసుకుని, కవరుతో సహా కాలువలోకి విసిరింది. అది తేలుతూ మంచినీళ్ళ చెరువు తూము వైపు సాగింది. ఆవిడ ఆ చేతిని చెంగుకి తుడుచుకుని ఇటు తిరిగింది.

భవానీపురం పిల్ల ఒక అడుగు ముందుకేసింది. నోరు తెరిచింది. చుట్టచుట్టిన చార్టు ఆమె చేతిలో కర్రలా ఉంది. ఉయ్యూరు పిల్ల క్యాను కింద పెట్టి, చూడకుండానే ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. మంగళగిరి పిల్ల నా వంక చూసింది, ఏదో ఒకటి అనండి సార్ అన్నట్టు. నేను బస్సు వచ్చే వైపు చూశాను.

మామ్మగారు గిన్నె చాపింది.

"అర లీటరు పొయ్యవే."

ఉయ్యూరు పిల్ల మణికట్టు వదిలి, క్యాను వంచి గ్లాసు నింపింది. కొలత నిండింది. మామ్మగారు వంగి గ్లాసులోకి చూసి, నాలుగు రోజుల నుంచీ ఏమీ జరగనట్టే మొహం చిట్లించింది.

"ఆ నురగ తగ్గనియ్యి. నేను అడిగింది పాలు."

"తగ్గనిస్తున్నా మామ్మగారూ" అంది ఉయ్యూరు పిల్ల. వీధి మొదట్లో ఇంకో గుమ్మంలోంచి గిన్నె పట్టుకుని ఎవరో బయటికొస్తున్నారు.